పెప్టైడ్ టీకా

అమైనో ఆమ్లాలు గొలుసుకట్టుగా కూడితే ప్రొటీన్, అందులో చిన్న ముక్క పెప్టైడ్. మన కణాలు తమ లోపలి ప్రొటీన్లను తరిగి, సుమారు 8 నుంచి 10 అమైనో ఆమ్లాలున్న ముక్కలను హెచ్ఎల్ఏ అనే అణువులకు తగిలించి పైకి చూపుతాయి. గస్తీ తిరిగే టీ కణాలనే రోగనిరోధక కణాలకు ఆ ముక్క పరాయిదనిపిస్తే కణాన్ని చంపేస్తాయి. టీ కణం పరాయి ముక్కతో పాటు దాన్ని మోసే సొంత హెచ్ఎల్ఏ అణువునూ చూస్తుందని తేల్చిన పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్‌లకు 1996లో నోబెల్ దక్కింది.

ఈ గుర్తింపునే క్యాన్సర్ మీదికి మళ్లించాలన్నది పెప్టైడ్ టీకా ఆలోచన. ఉదాహరణకు, అండాశయ క్యాన్సర్ కణాల మీద ఫోలేట్ రిసెప్టర్ ఆల్ఫా అనే ప్రొటీన్ తరచుగా మితిమీరి ఉంటుంది. అందులోంచి తీసుకున్న 9 అమైనో ఆమ్లాల ముక్క ఈ39. దాన్ని రోగనిరోధక శక్తిని ఉసిగొల్పే మందుతో కలిపి ఇస్తే, టీ కణాలు కణితిని వెతికి పట్టుకోవడం నేర్చుకుంటాయని ఆశ.

ఇలాంటి కొత్త దారి వెతకడానికి బలమైన కారణం ఉంది. కడుపుబ్బరం, త్వరగా కడుపు నిండినట్టుండటం వంటి లక్షణాలను అజీర్తి అనుకోవడంతో అండాశయ క్యాన్సర్ చాలామందిలో ముదిరాకే బయటపడుతుంది. శస్త్రచికిత్స, కీమో అయ్యాక కూడా తరచుగా తిరగబెడుతుంది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో అద్భుతంగా పనిచేసిన ఇమ్యూనోథెరపీ మందులు ఇక్కడ ఒంటరిగా పెద్దగా ఫలించలేదు.

ఈ టీకాలు ఇంకా ప్రయోగదశలోనే ఉన్నాయి. కణితి తన చుట్టూ టీ కణాలను నీరసపరిచే వాతావరణం అల్లుకుంటుంది. పైగా ఈ39 హెచ్ఎల్ఏ-ఏ2 రకం ఉన్నవారికే ఉద్దేశించింది. హెచ్ఎల్ఏ రకాలు జనాభాను బట్టి మారతాయి కాబట్టి, టీకా పరీక్షల్లో భారతీయ మహిళలూ ఉండి తీరాలి.