తెర మీద దేనికెంత చోటు

కోడ్ రాయడం, దాన్ని నడిపించడం, అందులో తప్పు వెదకడం అనే మూడు పనులకూ ఒకేచోట సాధనాలు సమకూర్చే సాఫ్ట్‌వేర్‌ను ఐడీఈ అంటారు. 2007లో జగిత్యాల దగ్గరి నాచుపల్లిలో, 2021లో సిరిసిల్లలో మొదలైన జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులకైనా, కోరుట్ల నుంచి హైదరాబాదు పోయి కోచింగ్‌లో చేరేవారికైనా అది రోజూ చూసే తెరే అయినా, భాష నేర్పినంత శ్రద్ధగా ఆ తెరను సర్దుకోవడం ఎవరూ నేర్పరు.

తెలుగునాట చాలా ఏళ్లు కంప్యూటర్ ల్యాబులను ఏలిన టర్బో సీ++ ఐడీఈ నీలితెరలో 80 అక్షరాల వెడల్పున 25 వరుసలే పట్టేవి; అందులో విండోలు ఒకదానిపై ఒకటి పడి ఉండేవి, ఎఫ్6 నొక్కితే వెనుకది ముందుకొచ్చేది, ఫలితం చూడాలంటే ఆల్ట్, ఎఫ్5 నొక్కి వేరే తెరకు పోవాల్సి వచ్చేది. 2001లో ఐబీఎం అందరికీ బయటపెట్టిన ఎక్లిప్స్ ఈ పద్ధతి మార్చి, నడుమ కోడ్ రాసే ఎడిటర్‌ను ఉంచి, చుట్టూ ఫైళ్ల జాబితా, తప్పుల పట్టిక వంటి వ్యూలను గళ్లుగా పేర్చింది. ఒక్కో పనికి తగిన వ్యూల కూర్పును అది పర్‌స్పెక్టివ్ అంటుంది: ప్రోగ్రామును ఆపి చూడమని గుర్తుపెట్టిన వరుస, అంటే బ్రేక్‌పాయింట్, దగ్గరికి రాగానే డీబగ్ కూర్పుకు మారాలా అని అడిగి, ఔనంటే చలరాశుల విలువలను, ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో తెలిపే వరుసను కళ్లముందు పెడుతుంది.

సిరిసిల్లలో పలు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్మికుడు అన్నిటినీ ఒకే తీరున చూస్తూ నిలబడడు. పోగు తెగిన చోటికి, కండె అయిపోయిన చోటికి పోతాడు. పర్‌స్పెక్టివ్‌లో ఉన్న తెలివీ అదే.

1366 చుక్కల వెడల్పు, 768 చుక్కల ఎత్తు మాత్రమే ఉన్న లాప్‌టాప్ తెరపై మాత్రం కిటికీలు తెరవడం కంటే మూయడమే అసలు విద్య. మైక్రోసాఫ్ట్ 2015లో తెచ్చిన విజువల్ స్టూడియో కోడ్‌లో కంట్రోల్, బి కలిపి నొక్కితే పక్కపట్టీ తొలగి కోడ్‌కు చోటు దొరుకుతుంది. కంట్రోల్‌తో ఎస్కేప్ కింది మీట నొక్కితే ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ వస్తుంది, మళ్లీ నొక్కితే పోతుంది.

ఏదో ఒక వ్యూ పొరపాటున మూసుకుపోతే సాఫ్ట్‌వేర్‌నే తీసేసి మళ్లీ ఎక్కించేవారున్నారు. అది వృథా శ్రమ. ఎక్లిప్స్‌లో విండో మెనూలోని రీసెట్ పర్‌స్పెక్టివ్ నొక్కితే చాలు. వ్యూల అమరిక, మన పనిని దాచే వర్క్‌స్పేస్ ఫోల్డర్‌లో దాగి ఉంటుంది గనుక, కొత్తగా ఎక్కించినా పాత వర్క్‌స్పేస్ తెరిస్తే ఎదురయ్యేది ఆ చెదిరిన తెరే.