రిజిస్ట్రేషన్ అయింది, గృహప్రవేశమూ అయింది... మరి ఇవి మీకు తెలుసా?

జీవితకాలపు సంపాదన పోసి కొనుక్కున్న ఇంటికి రిజిస్ట్రేషన్ కాగితమే రక్ష అనుకుంటాం. చట్టం ఇంటి యజమానికి ఇచ్చిన రక్షణల్లో చాలావరకు వేరేచోట ఉన్నాయి. కొన్నింటికి గడువు కూడా ఉంది.

పక్క స్థలంలోని మట్టి మీ నేలకు ఇచ్చే ఆసరా మీ హక్కని తెలుసా? 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఆ మాట చెప్పింది. మీ నేల జారిపోయేలా పక్కవాళ్లు తమ స్థలాన్ని తవ్వకూడదు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఈ సహజ హక్కు ఖాళీ నేలకే. దానిమీద ఇల్లు కట్టాక పెరిగిన బరువుకు కూడా ఆ హక్కు రావాలంటే 20 ఏళ్లపాటు ఏ అడ్డంకీ లేకుండా ఆ ఆసరా పొంది ఉండాలి. కిటికీలోంచి వచ్చే గాలి, వెలుతురుకూ ఇదే 20 ఏళ్ల లెక్క. కొత్త ఇంటివాళ్లకు దారే లేదని కాదు, పక్కవాళ్ల నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే పరిహారం కోరవచ్చు. కానీ గోడ పగిలాక ఆ పగులు పాతదా కొత్తదా అన్న వాదన మొదలవుతుంది. అందుకే పక్కన సెల్లార్ కోసం జేసీబీ దిగకముందే మీ గోడలు, పిల్లర్లు, గచ్చు తేదీ కనబడేలా ఫొటోలు తీసిపెట్టుకోండి. రక్షణ గోడ లేకుండా నిట్టనిలువుగా తవ్వుతున్నారనిపిస్తే మున్సిపాలిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. 2024 నవంబరులో హైదరాబాద్ గచ్చిబౌలి దగ్గర సిద్ధిక్‌నగర్‌లో పక్క గొయ్యి వల్లే నాలుగంతస్తుల ఇల్లు ఒరిగింది. చివరికి దాన్ని కూల్చేయాల్సి వచ్చింది.

స్లాబ్ కింద సెంట్రింగ్ ఎన్నాళ్లుంచాలో మేస్త్రి ఇష్టం కాదు. ఐఎస్ 456 అనే భారతీయ ప్రమాణం లెక్క చెప్పింది. మామూలు ఓపీసీ (ఆర్డినరీ పోర్ట్‌లాండ్) సిమెంటుతో వేసిన స్లాబ్ అయితే, ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల లోపుంటే ఊతకర్రలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. బీముల కింద 6 మీటర్ల లోపు దూరానికి 14 రోజులు, దాటితే 21 రోజులు. పీపీసీ (పొజొలానా కలిపిన) సిమెంటు వాడితే ఇంకాస్త ఆగాలి. తడపడం ఓపీసీకి కనీసం 7 రోజులు, పీపీసీకైనా, ఎండలు మండే కాలంలోనైనా కనీసం 10 రోజులు. సామాను వేరే సైటుకు పోవాలన్న తొందరలో ముందే విప్పేస్తుంటే అడ్డుపడే హక్కు, బాధ్యత మీకున్నాయి.

ఇక బిల్డర్ల సంగతి. సుమారు 3,750 ఏళ్ల కిందట బాబిలోన్ రాజు హమ్మురాబి వేయించిన శాసనంలో, ఇంటి గోడ ఉబ్బితే కట్టినవాడే సొంత ఖర్చుతో బాగుచేయాలని ఉంది. మన 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం చెప్పేదీ దాదాపు అదే. ఇల్లు అప్పగించిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణంలోగానీ పనితనంలోగానీ లోపం బయటపడి మీరు తెలియజేస్తే, బిల్డర్ 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. చేయకపోతే పరిహారం కోరవచ్చు. స్లాబ్ కారుతోందని ఫోన్లో చెప్పి ఊరుకోకండి, ఉత్తరం రాయండి.

ప్రతి అపార్ట్‌మెంటూ రెరాలో నమోదు కానక్కర్లేదన్నది చాలామందికి తెలియని సంగతి. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు మించకపోయినా, ఫ్లాట్లు 8 మించకపోయినా నమోదు తప్పనిసరి కాదు. మన ఊళ్లలో 300 గజాల్లో లేచే అయిదంతస్తుల ఇళ్లు ఎన్నో దీని బయటే ఉంటాయి. నాకు ఇది పెద్ద లోటుగా కనిపిస్తుంది, ఎందుకంటే మధ్యతరగతి కొనేది ఎక్కువగా అవే. అక్కడ వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. ఇళ్ల నిర్మాణం కూడా ‘సేవ’ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1993లోనే తేల్చింది. ఫిర్యాదుకు గడువు మాత్రం రెండేళ్లే.

పాత ఇంటిని డెవలప్‌మెంట్‌కిచ్చి సగం ఫ్లాట్లు తీసుకునే యజమాని కూడా వినియోగదారుడేనని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది మంచి కబురు. కానీ తన వాటా ఫ్లాట్లు అమ్మకానికి పెడితే, రెరా దృష్టిలో ఆయన కూడా ప్రమోటరే. కట్టినవాళ్లూ అమ్మినవాళ్లూ వేర్వేరైతే ఇద్దరికీ ఉమ్మడి బాధ్యత ఉంటుంది. ‘కట్టింది బిల్డర్, నాకేం సంబంధం’ అంటే చెల్లదు.

కొనబోయే ఫ్లాటు మున్సిపాలిటీకి తనఖాలో ఉండొచ్చు! 2012 నాటి ఉమ్మడి రాష్ట్ర భవన నియమాల ప్రకారం, బాగా చిన్న ఇళ్లకు తప్ప, ప్లాన్ మంజూరు సమయంలోనే కట్టుబడిలో 10 శాతం విస్తీర్ణాన్ని అధికారులకు రాసివ్వాలి. ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చాకే అది విడుదలవుతుంది. ఓసీ లేకుండా చౌకగా వస్తోందంటే ఆ 10 శాతంలోదేమో చూసుకోవాలి.

ఇంటిపన్ను కట్టించుకున్నంత మాత్రాన అక్రమ కట్టడం సక్రమం కాదు. ఓసీ చూశాకే కరెంటు, నీటి కనెక్షన్లు, బ్యాంకు రుణాలు ఇవ్వాలని 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఆదేశించింది.

అనుమతి ఉన్నా కూల్చేసిన ఇళ్లున్నాయి. కొచ్చి దగ్గర మరడులో 2006లో స్థానిక పంచాయతీ అనుమతితో మొదలైన నాలుగు అపార్ట్‌మెంట్ సముదాయాలను, తీరప్రాంత నిబంధనలు ఉల్లంఘించాయని 2020 జనవరి 11, 12 తేదీల్లో పేలుడు పదార్థాలతో నేలమట్టం చేశారు. ఫ్లాటు యజమానులకు తలా 25 లక్షల మధ్యంతర పరిహారం సుప్రీంకోర్టు ఇప్పించింది. మన దగ్గర అలాంటి గీత చెరువుల చుట్టూ ఉంది. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల పటాలను హెచ్‌ఎండీఏ ఆన్‌లైన్‌లో ఉంచింది. బయానా ఇచ్చే ముందే మీ సర్వే నంబరు అందులో ఎక్కడుందో చూడండి.