పలాస పిక్క, న్యూట్రినో దెబ్బ

ఉద్దానం పేరు పేపర్లో పడితే కిడ్నీ జబ్బు గురించో, 2018 నాటి తిత్లీ తుపాను గురించో అయి ఉంటుంది. ఈ ఆదివారం మాత్రం జీడిపిక్క గురించి.

అక్కడి పలాస స్టేషన్‌లో దిగి కాశీబుగ్గ వైపు వెళ్తే జీడి ఘాటు ముందుగా పలకరిస్తుంది. పరిశ్రమల్లో పిక్కల్ని ఉడికించి, ఆరబెట్టి, ఒక్కొక్కటే కోస్తారు. ఉడుకు కుదిరితే పప్పు గుండుగా వస్తుంది. కుదరకపోతే అదే దెబ్బకు బద్దలు, ముక్కలు, నూక.

ఇప్పుడో పొడుపు ప్రశ్న. దెబ్బ మీరు చూడలేదు, పళ్లెంలో ముక్కలే ఉన్నాయి. దెబ్బ ఎంత బలంగా పడిందో చెప్పగలరా? పిక్క ఎలా ఉడికిందో తెలియకుండా చెప్పలేరు. న్యూట్రినోలనే సూక్ష్మకణాల్ని పరిశోధించే శాస్త్రవేత్తల తలనొప్పి అచ్చంగా ఇదే.

సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలు మన గోరంత చోటులో సెకనుకు దాదాపు 6,500 కోట్లు దూరిపోతాయి. భావనపాడు తీరపు ఇసుకలోని మోనజైట్‌లో థోరియం ఉంది. అది క్షయిస్తూ ప్రతిన్యూట్రినోల్ని, అంటే న్యూట్రినోల ప్రతికణాల్ని, వదులుతుంది. టెక్కలి క్వారీల గ్రానైట్‌లోని పొటాషియమూ అంతే. భయపడకండి, ఇవి దాదాపు అన్నీ దేన్నీ ముట్టుకోకుండానే పోతాయి.

న్యూట్రినోలు మూడు రకాలు, దారిలో రకం మార్చుకుంటాయి. ఎంత మారతాయన్నది రెండింటిని బట్టి ఉంటుంది: ప్రయాణించిన దూరం, శక్తి. దూరంతో పేచీ లేదు. జపాన్‌లో టీ2కే ప్రయోగానికి 295 కిలోమీటర్లు, అమెరికాలో నోవాకు 810. నోవాలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఐఐటీ హైదరాబాద్ భాగస్వాములు.

పేచీ అంతా శక్తితోనే. న్యూట్రినో కంటికి కనబడదు, పరమాణు కేంద్రకాన్ని గుద్దినప్పుడు రాలిన ముక్కల్ని బట్టే దాని శక్తిని లెక్కగట్టాలి. కేంద్రకం లోపల ప్రోటాన్లు, న్యూట్రాన్లు కదలకుండా కూర్చోవు. ఒక్క దెబ్బకు రెండు కలిసి ఎగిరిపోవచ్చు. లోపల పుట్టిన పయాన్ అనే కణాన్ని గడప దాటకముందే కేంద్రకమే మింగేయొచ్చు. న్యూట్రాన్ బయటికొచ్చినా తరచూ జాడ వదలదు.

అమెరికాలోని మినీబూన్ న్యూట్రినో ప్రయోగానికి ఈ దెబ్బ బాగా తగిలింది. 2010 ప్రాంతంలో కార్బన్‌పై వాళ్లు లెక్కపెట్టిన ఘటనలు పాత నమూనా చెప్పినదాని కన్నా ఎక్కువ తేలాయి. జంటగా ఎగిరే కణాల్ని కలుపుకుంటే గానీ లెక్క దారికి రాలేదు. జంటను ఒంటరి అనుకుంటే న్యూట్రినో శక్తి అసలు కన్నా తక్కువగా కనిపిస్తుంది, రకం మార్పు లెక్కా తప్పుతుంది.

దీనికి మందు ఉంది: న్యూట్రినోలు పుట్టినచోటికి దగ్గర్లోనే ఇంకో డిటెక్టర్ పెట్టి పోల్చడం. సగం మందే అంటాను నేను. దారిలో రకం మారడంతో దూరంగా చేరే న్యూట్రినోల శక్తుల తీరే వేరుగా ఉంటుంది, పొరపాట్లు పూర్తిగా కొట్టుకుపోవు.

న్యూట్రినోల్ని 1,300 కిలోమీటర్లు పంపే డ్యూన్ ప్రయోగం కోసం అమెరికా ఎంచుకున్నది ద్రవ ఆర్గాన్. దాని కేంద్రకంలో 18 ప్రోటాన్లు, 22 న్యూట్రాన్లు. న్యూట్రినో ఎక్కువగా న్యూట్రాన్‌ను, ప్రతిన్యూట్రినో ప్రోటాన్‌ను పట్టుకుంటాయి. పదార్థానికి, ప్రతిపదార్థానికి తేడా వెతికే పనిలో ఈ హెచ్చుతగ్గే మొదటి చిక్కు. ఆర్గాన్ ట్యాంకు ఎంత పెద్దదైనా పిక్క ఉడుకు, అంటే కేంద్రకం లోపలి తీరు, తెలియకపోతే దండగే.

పలాస వెళ్తే గుండు కోసం పట్టుబట్టకండి. బద్దలు కొనుక్కోండి, ధర తక్కువ, రుచి ఒకటే.