దారి మొదట్లో నిలిచిన స్లాష్

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ పని మొదలుపెట్టేనాటికి ఫోల్డర్‌లో ఫోల్డర్ అనే అమరిక వాళ్లకు తెలిసిందే. వాళ్లు అంతకుముందు పనిచేసిన మల్టిక్స్ అనే సిస్టమ్‌లో ఫైలుకు దారి రాసేటప్పుడు మెట్టుకూ మెట్టుకూ మధ్య '>' గుర్తు పెట్టేవారు. యూనిక్స్‌లో ఆ చోటికి ఏటవాలు గీత, అంటే స్లాష్ వచ్చింది. దారి స్లాష్‌తో మొదలైతే అన్నిటికన్నా పైనున్న రూట్ నుంచి వెతకాలి. లేకపోతే ఇప్పుడున్న ఫోల్డర్ నుంచి. రెండు చుక్కలు కనిపిస్తే ఒక మెట్టు పైకెక్కాలి.

1990లో సెర్న్‌లో వెబ్‌ను నిర్మించిన టిమ్ బెర్నర్స్-లీ ఈ పద్ధతినే చేపట్టారు. దారి ముందు కంప్యూటర్ పేరు చేర్చడానికి అపోలో కంప్యూటర్లలో వాడిన జంట స్లాష్‌ను తెచ్చారు. ఆ జంట అవసరమే లేదని 2009లో ఆయనే అన్నారు. పేరంతా జంటకే వచ్చినా, బరువు మోసేది ఒంటి స్లాషే.

స్లాష్‌తో మొదలయ్యే లింకు ఊరి బొడ్రాయి దగ్గర నుంచి చెప్పిన దారి. స్లాష్ లేనిది మనం నిలబడ్డ గడప నుంచి చెప్పిన దారి. ఈ దారులను బ్రౌజర్ ఎలా లెక్కగట్టాలో 1995లో రాయ్ ఫీల్డింగ్ ఆర్ఎఫ్‌సీ 1808 అనే పత్రంలో నియమాలుగా రాశారు. లింకు ఒంటి స్లాష్‌తో మొదలైతే, పేజీ చిరునామాలో సర్వర్ పేరు వరకే ఉంచుకుని మిగతా దారంతా వదిలేయాలి. స్లాష్ లేకపోతే, పేజీ దారిలో చివరి స్లాష్ తర్వాత ఉన్నది కొట్టేసి అక్కడ లింకును అతికించాలి. చివరి స్లాష్ విలువ ఇక్కడే తెలుస్తుంది. '/వంటలు/' పేజీలో 'పులిహోర' అని లింకు ఇస్తే అది '/వంటలు/పులిహోర'కు వెళుతుంది. పేజీ చిరునామా చివర ఆ గీత లేకుంటే అదే లింకు '/పులిహోర'కు పోతుంది. మరి రెండు చుక్కలు రూట్‌ను కూడా దాటి పైకి పొమ్మంటే? 1995 నియమాలు ఆ మిగులు చుక్కలను చిరునామాలోనే ఉంచేశాయి. 2005లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3986 వాటిని తీసేసి రూట్ దగ్గరే ఆపమంది. సరైన తీర్పు అదే.

పత్రాలు చదువుకునే వెబ్‌కు ఈ నియమాలు చక్కగా సరిపోయాయి. చిక్కు వెబ్ అప్లికేషన్లతో వచ్చింది. ఒకే సర్వర్ మీద జీతాల లెక్క '/జీతాలు/' కింద, సెలవుల దరఖాస్తు '/సెలవులు/' కింద నడుస్తాయి. ప్రోగ్రామర్ కంప్యూటర్‌లో అప్లికేషన్ రూట్‌లోనే ఉంటుంది కాబట్టి '/బొమ్మలు/లోగో' అని రాస్తే బొమ్మ కనబడుతుంది. అదే అప్లికేషన్‌ను '/జీతాలు/' కింద పెట్టగానే బొమ్మ మాయం, పేజీ వెలవెల. బ్రౌజర్ తప్పేమీ లేదు. ఫలానా అప్లికేషన్ ఎక్కడ మొదలవుతుందో చిరునామా చూసి చెప్పడం దానికి అసాధ్యం. ఆ సంగతి సర్వర్‌కే తెలుసు.

అందుకే పరిష్కారాలు సర్వర్ వైపు నుంచే వచ్చాయి. జావా సర్వ్‌లెట్‌లు 'కాంటెక్స్ట్ పాత్' పేరుతో '/జీతాలు' లాంటి ఆ మొదటి భాగాన్ని సర్వర్‌ను అడిగి తెలుసుకుంటాయి. 2002లో విడుదలైన ఏఎస్‌పీ డాట్ నెట్, యూనిక్స్‌లో సొంత ఫోల్డర్‌కు గుర్తైన టిల్డాను తీసుకుని '~/' అంటే 'ఈ అప్లికేషన్ రూట్' అని అర్థమిచ్చింది. పేజీ బయటికి వెళ్లేలోపు సర్వర్ దాన్ని అసలు దారిగా మార్చాలి. మార్చకుండా వదిలితే బ్రౌజర్ టిల్డాను ఒక ఫోల్డర్ పేరనుకుని వెతుకుతుంది.

హెచ్‌టీఎంఎల్‌లోని 'బేస్' ట్యాగ్ పెడితే అంతా సర్దుకుంటుందని చాలామంది నమ్ముతారు. అది స్లాష్ లేని లింకులకే దారి చూపుతుంది. స్లాష్‌తో మొదలైన లింకు బేస్‌లో ఉన్న ఫోల్డర్లను కూడా పక్కకు నెట్టి తిన్నగా రూట్‌కే పోతుంది. పైగా పేజీలోపలి విభాగాలకు ఇచ్చిన లింకులు సైతం బేస్ చిరునామాకు ఎగిరిపోతాయి.

కాబట్టి అప్లికేషన్ ఏ ఫోల్డర్ కింద ఉందన్న సమాచారం ఒక్క సెట్టింగ్‌లోనే ఉండాలి. ప్రతి లింకూ, ప్రతి బొమ్మా, ప్రతి స్క్రిప్టూ దాని నుంచే పుట్టాలి. ప్రోగ్రామ్‌లు రాసే మిత్రులారా, మీ అప్లికేషన్‌ను జనానికి ఇచ్చేముందు ఒక్కసారి దాన్ని రూట్‌లో కాకుండా వేరే ఫోల్డర్ కింద పెట్టి, ప్రతి లింకూ నొక్కి చూడండి.