బేస్ గిటారు కొనేముందు చెవి సంగతి

బొంరాస్‌పేట నుంచి ఒక యువకుడు ఉత్తరం వ్రాశారు. వయస్సు 24. పగలు తాండూరులో నాపరాయి పాలిష్ యూనిట్‌లో పని. ఆదివారాలు చర్చిలో, ముహూర్తాల రోజుల్లో పెళ్ళి ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయిస్తారట. ఇంతకాలం ఎరువు గిటారుతో నెట్టుకొచ్చారు. ఇప్పుడు చీటీ పాడిన డబ్బు చేతికి వచ్చింది. హైదరాబాదు వెళ్ళి సొంతంగా గిటారు, యాంప్లిఫయరు, స్పీకరు పెట్టె తెచ్చుకోవాలని ఉంది. 300 వాట్లు చాలునా, 500 వాట్లు తీసుకోవాలా అని స్నేహితుల మధ్య రోజూ వాదన. ఉత్తరం చివర మరో రెండు ముక్కలు సంకోచిస్తూనే చేర్చారు. పెళ్ళిలో వాయించి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం దాకా చెవుల్లో గుయ్‌మంటోందట. కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నారట, మెడికల్‌లో ఇబ్బంది వస్తుందా అని భయం.

వాట్ల లెక్క సౌండు మెకానిక్కును అడగాలి గాని డాక్టరు నడగడమేమిటని కొందరు పాఠకులు నవ్వుకోవచ్చు. నవ్వకండి. ఆ వాట్ల ప్రశ్నకూ ఈ చెవి హోరుకూ చాలా దగ్గర చుట్టరికం ఉంది.

ముందు హోరు సంగతి చూద్దాం. కర్ణభేరి వెనక, ఎముక లోపల, నత్తగుల్లలాగా చుట్టుకున్న చిన్న గొట్టం ఒకటుంది. దానిలో సుమారు 15 వేల రోమకణాలుంటాయి. శబ్దతరంగానికి అవి వరిచేను గాలికి ఊగినట్లు ఊగి, ఆ కదలికను నరానికి అందిస్తాయి. పెద్ద గాలివానకు చేను పడిపోతుంది చూడండి, పెద్ద చప్పుడుకు ఈ రోమాలూ అలాగే ఒరిగిపోతాయి. విశ్రాంతి ఇస్తే కొన్ని లేచి నిలబడతాయి. అందుకే మర్నాటి సాయంత్రానికి హోరు తగ్గి, 'ఏమీ కాలేదులే' అనిపిస్తుంది. మళ్ళీ మళ్ళీ అదే జరిగితే లేవవు, చచ్చిపోతాయి. గోరు ఊడితే గోరు వస్తుంది. మనిషికి ఈ కణాలు మాత్రం మళ్ళీ మొలవవు. ఇంతవరకు ఏ మందూ వాటిని మొలిపించలేదు.

నష్టం మొదట 4000 హెర్ట్‌జ్ దగ్గర, అంటే సన్నని ధ్వనుల దగ్గర కనబడుతుంది. మాట వినిపిస్తూనే ఉంటుంది, స్పష్టత పోతుంది. అత్తగారు 'పాలు' అన్నారో 'చాలు' అన్నారో తెలియక ఇంట్లో తగవులు. బయటివాళ్ళు 'పరధ్యానం మనిషి' అంటారు. చెవిటితనమని ఎవరికీ తోచదు, ఆయనకే తోచదు.

ఎంత చప్పుడు, ఎంతసేపు అన్నదానికి ఒక లెక్క ఉంది. 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకు 8 గంటలు ఉండవచ్చు. అక్కణ్ణుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ గడువు సగమవుతుంది. 88 కి 4 గంటలు, 91 కి 2 గంటలు, 94 కి గంట, 97 కి అరగంట. 100 డెసిబెల్స్‌కు పావుగంట! డ్రమ్ముల పక్కన, పళ్ళేల చప్పుడు దగ్గర 100 దాటడం మామూలే. పెళ్ళి ప్రోగ్రామ్ మూడు నాలుగు గంటలు సాగుతుంది.

ఈ యువకుని విషయంలో మరో చిక్కుంది. పగలు రాతిని కోసే, పాలిష్ పట్టే యంత్రాల మధ్య పని. చెవికి సంగీతమనీ యంత్రమనీ తేడా తెలియదు. అది అందిన మొత్తాన్ని లెక్క వేసుకుంటుంది. ఆనాటి గడువు పగలే అయిపోతే, రాత్రి వాయించేదంతా అప్పు కిందే జమ. కనుక చెవి రక్షణ పాలిష్ యూనిట్‌లోనే మొదలు కావాలి. చెవులను కప్పే మఫ్లు పెట్టుకుంటే తోటివాళ్ళు ఎగతాళి చేస్తారని కొందరంటారు. చెయ్యనివ్వండి.

ఇప్పుడు బేస్ గిటారు దగ్గరికి వద్దాం. ఆర్కెస్ట్రాలో దీన్ని గమనించేవాళ్ళు తక్కువ. ఆపేస్తే మాత్రం పాట నేలమీద నిలబడదు. ఇళయరాజా బాణీలు కట్టిన 'సీతాకోకచిలుక' (1981), 'సాగర సంగమం' (1983) పాటలు విన్నవారికి ఆ గంభీరమైన అడుగుస్వరం ఎంత పని చేస్తుందో తెలుసు. నిలువెత్తు డబుల్ బేస్ పెద్ద బ్యాండులో వినిపించక, మొయ్యలేక వాద్యకారులు అవస్థపడుతుంటే, 1951 లో అమెరికాలో లియో ఫెండర్ 'ప్రెసిషన్ బేస్' తీసుకొచ్చారు. అంటే 'నేను వాయించేది నాకే వినబడటం లేదు' అన్న ఫిర్యాదులోంచి పుట్టిన వాద్యమిది. 70 ఏళ్ళు దాటినా ఆ ఫిర్యాదు మాత్రం పోలేదు.

ఎందుకు పోలేదంటే, తప్పు మన చెవి నిర్మాణంలో ఉంది. బేస్ గిటారులో అన్నిటికంటె లావు తీగ 41 హెర్ట్‌జ్ దగ్గర పలుకుతుంది. అంత మంద్రమైన ధ్వని సుమారు 50 డెసిబెల్స్ ఉంటే గాని మన చెవికి ఆనదు. ఆడపిల్ల గొంతుకైతే అందులో పదోవంతు కూడా అక్కరలేదు. కాబట్టి బేస్ వాయించే అతను తనకు వినబడక నాబ్ తిప్పుతాడు. అది విని లీడ్ గిటారతను తిప్పుతాడు. డ్రమ్మరు బలంగా బాదుతాడు. గాయకుడు మైకు పెంచమంటాడు. అరగంటలో అందరూ ఎక్కడికో వెళ్ళిపోతారు. పాపం, బేస్ అతనికి తన గిటారు అప్పుడూ వినబడదు! అతని చెవిని పాడుచేసేది ఎక్కువగా తన మంద్రస్వరం కాదు, పక్కనున్న పళ్ళేల సన్నని మోత.

దీనికి ఖర్చులేని మందు ఒకటి చెబుతాను. స్పీకరు పెట్టెను నేలమీద పెడితే అది మీ మోకాళ్ళకు పాట వినిపిస్తుంది, చెవులకు కాదు. ముఖ్యంగా వేళ్ళు తీగను మీటే స్పష్టతంతా కాళ్ళ మధ్యనుంచి దూసుకుపోతుంది. పెట్టెను గట్టి బల్లమీద పెట్టండి, లేదా వెనక్కు వాల్చి ముఖంవైపు తిప్పండి. వెంటనే నాబ్ కిందికి వస్తుంది. వెనక గోడ ఉంటే మంద్రస్వరానికి అదే బలమిస్తుంది. పూర్తిగా మూలకు నెడితే మాత్రం బుయ్‌మని ముద్దయిపోతుంది. యాంప్లిఫయరులో 'బేస్' నాబ్ పూర్తిగా తిప్పేవాళ్ళను చాలామందిని చూశాను. దానికి బదులు మధ్యస్వరాల నాబ్ ఒక పిసరు పెంచి చూడండి. తీగ పలికేది ఒక్క 41 హెర్ట్‌జ్ కాదు, దాని రెట్టింపు, మూడింతలు కూడా. పైస్వరాలు విని అడుగుస్వరాన్ని ఊహించుకోవడం మెదడుకు వెన్నతో పెట్టిన విద్య. డ్రమ్మరు పళ్ళేలకు మరీ ఆనుకుని నిలబడకుండా రెండడుగులు పక్కకు జరగడం కూడా మంచిదే.

ఇక 300 వాట్లా, 500 వాట్లా? రెండింటికీ తేడా 2 డెసిబెల్స్ పైచిలుకు. చెవి గుర్తుపట్టీ పట్టనంత. చప్పుడు రెట్టింపయినట్లు తోచాలంటే 10 రెట్ల వాట్లు కావాలి, అంటే 3000! అందుచేత వాట్ల కోసం అప్పు చెయ్యకండి. దుకాణంలో అడగవలసిన ప్రశ్న వేరు: ఈ స్పీకరు పెట్టెకు ఒక్క వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తుంది? ఒకటి 95, మరొకటి 98 అయితే, రెండోది సగం వాట్లతోనే మొదటిదాని పని చేస్తుంది. యాంప్లిఫయరు కనీసం ఎన్ని ఓముల వరకు తట్టుకుంటుందో కూడా అడగండి. 8 ఓముల పెట్టెలు రెండు కలిపితే 4 ఓములవుతుంది. తట్టుకోలేనిది వేడెక్కి, పెళ్ళి మధ్యలో పొగ వస్తుంది. మామూలు గిటారు యాంప్లిఫయరు చవగ్గా వచ్చిందని బేస్‌కు వాడితే స్పీకరు కాగితం చిరుగుతుంది.

పెద్ద యాంప్లిఫయరే పాపమని నా ఉద్దేశం కాదు. పెద్దదాన్ని తగ్గించి వాయిస్తే ధ్వని శుభ్రంగా ఉంటుంది. చిన్నదాన్ని పీకపిసికి వాయిస్తే గరగరలాడుతుంది. చర్చికీ, షామియానా పెళ్ళికీ 300 బాగా సరిపోతాయి.

బరువు సంగతి డాక్టరుగా చెప్పక తప్పదు. 1969 లో వచ్చిన ఆంపెగ్ ఎస్.వి.టి. యాంప్లిఫయరు 300 వాట్లదే. దానికి జోడీగా పెట్టే ఎనిమిది స్పీకర్ల పెట్టెను వాద్యకారులు 'ఫ్రిజ్' అనేవారు. బరువు 60 కిలోల పైనే. ఈనాడు రెండు మూడు కిలోల యాంప్లిఫయర్లు, తేలిక అయస్కాంతాలతో 15 కిలోల ప్రాంతంలో స్పీకరు పెట్టెలు దొరుకుతున్నాయి. ధర కొంచెం ఎక్కువ. నడుము వైద్యం ఖర్చుతో పోలిస్తే ఎక్కువేమీ కాదు. మోకాళ్ళు వంచి, పెట్టెను ఒంటికి దగ్గరగా పట్టుకుని, ఇద్దరు కలిసి ఎత్తండి. మోటారు సైకిలు వెనక కట్టుకుని కొడంగల్ రోడ్డున వెళ్ళడం సాహసమే గాని తెలివి కాదు. గిటారు కూడా నాలుగు కిలోల బరువు ఉంటుంది. మెడకు కోసుకునే సన్నని పట్టీ వద్దు, వెడల్పాటిది కొనండి. మామూలు బేస్‌కు తీగ పొడవు 34 అంగుళాలు. చిన్న చేతులవారికి 30 అంగుళాలవీ ఉన్నాయి. రాత్రిళ్ళు చేతివేళ్ళు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే మణికట్టు దగ్గర నరం నలుగుతోందన్నమాట. వాయించడం కొన్నాళ్ళు ఆపి చూపించుకోండి.

యాంప్లిఫయరుతో పాటు కొనవలసిన వస్తువు ఇంకొకటుంది: చెవి బిరడాలు. దూది ఉండలు పెద్దగా ఆపవు. నురగ బిరడాలు చవక, పని చేస్తాయి. వాటిని సన్నగా నలిపి, రెండో చేతిని తలమీదుగా పోనిచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపల పెట్టి అర నిమిషం వేలితో అదిమి పట్టుకోవాలి. అవి సన్నని ధ్వనులను ఎక్కువగా మింగేస్తాయి కాబట్టి పాట మొద్దుబారినట్లుంటుంది. వాద్యకారులకోసం అన్ని స్వరాలనూ సమానంగా 15 డెసిబెల్స్ తగ్గించే బిరడాలు 1988 లోనే వచ్చాయి. 15 తగ్గితే 100 కాస్తా 85 అవుతుంది, పావుగంట గడువు 8 గంటలవుతుంది. వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోస్తే హోరు పోతుందని పెద్దవాళ్ళు చెబుతుంటారు. ఆ నూనె రోమకణాల దాకా వెళ్ళనే వెళ్ళదు. పొయ్యకండి.

చెవికంటె ముందు ప్రాణం కనుక ఎర్తు సంగతి కొంచెం గట్టిగానే చెబుతాను. 1972 లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్లీ హార్వీ అనే గిటారు వాద్యకారుడు వేదికమీదనే విద్యుదాఘాతంతో చనిపోయారు. గిటారు చేతిలో ఉంది, మైకు తాకారు, అంతే. గిటారు తీగలు యాంప్లిఫయరు ఎర్తుకు కలిసి ఉంటాయి. ఆ ఎర్తు లేక కరెంటు పైకి తేలితే, తీగలమీది చెయ్యీ మైకుకు ఆనిన పెదవీ కలిసి గుండె మీదుగా దారి వేస్తాయి. మన పెళ్ళిళ్ళలో రెండు రంధ్రాల ప్లగ్గులో పట్టడం లేదని మూడో పిన్ను విరిచేస్తారు. ఆ విరిచిన పిన్నే మీ ప్రాణాధారం. గిటారు, మైకు ఒకే బోర్డునుంచి తీసుకోండి. వాయించేముందు తీగలకూ మైకుకూ టెస్టరు పెట్టండి, వెలిగితే ముట్టుకోకండి. 30 మిల్లీయాంపియర్లకు పడిపోయే ట్రిప్ స్విచ్చి ఒకటి సొంతంగా ఉంచుకోండి. జనరేటరు పెట్టినవాడిని ఎర్తు కడ్డీ చూపించమనండి. ఎవరికైనా షాక్ తగిలితే ముందు కరెంటు తియ్యండి, మనిషిని పట్టుకోకండి. ఊపిరి లేకపోతే రొమ్ము మధ్య నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతుకు నొక్కుతూ 108 కు ఫోన్ చేయించండి.

బేస్ అనగానే ఊరేగింపుల్లో లారీలమీద కట్టే బేస్ బాక్సులు గుర్తొస్తాయి. వాటి దగ్గర నిలబడితే గుండెలో బాదినట్లుంటుంది, అది భ్రమ కాదు. 2004 లో 'థోరాక్స్' అనే వైద్యపత్రికలో బెల్జియం డాక్టర్లు నలుగురు యువకుల సంగతి ప్రకటించారు. పెద్ద సంగీతం దగ్గర ఉండగా వారి ఊపిరితిత్తి చిట్లి గాలి బయటికి చేరింది. ఒకరి కారులో 1000 వాట్ల బేస్ బాక్సు ఉంది. ఇది చాలా అరుదు, బెదరనక్కరలేదు. కాని బాక్సుల దగ్గర ఉన్న సన్నని, పొడుగాటి కుర్రవాడికి, ముఖ్యంగా సిగరెట్లు తాగేవాడికి, ఉన్నట్టుండి ఒకవైపు రొమ్ము నొప్పి, ఆయాసం వస్తే గ్యాస్ అని సోడా తాగించకండి, ఆస్పత్రికి తీసుకురండి. హైదరాబాదు పోలీసులు 2024 లో మతపరమైన ఊరేగింపుల్లో డీజే బాక్సులను నిషేధించారు. దేశమంతటా 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ళ మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. మంద్రస్వరం గోడలు దాటిపోతుంది. సాధన ఇంట్లో చేసేవారు పక్కింటి పసిబిడ్డను తలుచుకుని హెడ్‌ఫోన్ వాడుకోండి, అదీ సగానికి మించకుండా.

కోఠీ గుజరాతీ గల్లీలో యాంప్లిఫయర్లు బేరమాడటానికి వెళ్ళేవారికి ఒక సౌకర్యం ఉంది. ప్రభుత్వ ఈ.ఎన్.టి. ఆస్పత్రి కోఠీలోనే ఉంది. ఉదయం ముందు అక్కడికి వెళ్ళి ఆడియోగ్రాం తీయించుకోండి, తరువాత దుకాణం. ముందురోజు వాయించకూడదు, రాతి యంత్రాల దగ్గరా ఉండకూడదు. అలసిన చెవికి పరీక్ష తప్పు వస్తుంది. ఆ కాగితం జాగ్రత్తగా దాచుకుని ఏడాదికొకసారి పోల్చి చూసుకోండి. మర్నాటికి తగ్గే హోరు ఒక్కదానివల్లనే మెడికల్‌లో తీసెయ్యరు. గ్రాఫులో 4000 దగ్గర గుంట కనబడితే మాత్రం ఇకనుంచి బిరడాలు లేకుండా వేదిక ఎక్కడం మానాలి. హోరు రెండు రోజులు దాటినా, మాట మందంగా వినబడుతున్నా ఆలస్యం చెయ్యకండి. ఒక చెవి ఉన్నట్టుండి పూర్తిగా మూతపడితే అది గుబిలి అనుకుని పుల్లలు పెట్టి కెలకవద్దు. మూడు రోజుల్లోగా చెవి డాక్టరును చేరితే స్టెరాయిడ్ మందులతో వినికిడి తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. వారాలు గడిచాక వస్తే ఆ అవకాశం సన్నగిల్లుతుంది.