ఇంటిపేరు

విశాఖపట్టణపు రేవు 1933వ సంవత్సరమున తెరువబడెను. నాటినుండి దేశదేశముల ఓడలు అచ్చటికి వచ్చుచున్నవి. ఓడతోపాటు అందలి నావికుల పేర్ల పట్టికయు ఒడ్డునకు చేరును. అట్టి పట్టికలో 'కోవాల్‌స్కి' అను పేరు కనబడిన దనుకొందము. ఆ పేరునకు అర్థమేమి?

కోవాల్‌స్కి పోలెండు దేశమున మిక్కిలి వ్యాప్తిలోనున్న ఇంటిపేర్లలో నొకటి. పోలిష్ భాషలో 'కోవాల్' అనగా కమ్మరి. 'స్కి' సంబంధమును తెలుపు ప్రత్యయము. కావున ఆ పేరునకు కమ్మరి సంబంధి యని భావము. ఆంగ్లేయుల 'స్మిత్' అను పేరునకును, తెలుగునాట వినబడు 'కమ్మరి' అను ఇంటిపేరునకును మూలము ఆ వృత్తియే. ఒకరి నొకరు ఎరుగని మూడు జాతులవారు కొలిమిని చూచి ఒకే తీరున పేరు పెట్టుకొనిరి.

పోలిష్ ఇంటిపేరు లింగమునుబట్టి మారును. అన్న కోవాల్‌స్కి యైనచో చెల్లెలు కోవాల్‌స్కా యగును. ఆంగ్లము మాటలాడు దేశములకు వలసపోయిన కుటుంబములలో ఈ భేదము చాలవరకు నశించినది. కొందరు తమ పేరును స్మిత్ అని మార్చుకొనిరి. అర్థము నిలిచినది, ధ్వని పోయినది.

జోసెఫ్ కాన్రాడ్ అను ప్రసిద్ధ ఆంగ్ల నవలాకారుని కథయు ఇట్టిదే. ఆయన 1857లో పోలిష్ కుటుంబమున జన్మించెను. ఇంటిపేరు కొజెన్యోఫ్‌స్కి. అందలి 'కొజెన్' అను పదమునకు 'వేరు' అని అర్థము. ఆయన నావికుడై 1884లో మద్రాసు రేవున దిగి, బొంబాయికి పోయి మరియొక ఓడ నెక్కెను. పిదప 1895లో తొలి నవలను ప్రకటించునపుడు ఇంటిపేరును విడిచి, తన పేర్లలో నొకటియైన కాన్రాడ్‌నే ఇంటిపేరువలె నిలుపుకొనెను.

పోలెండులో పెక్కు ఇంటిపేర్లు ఊరిపేర్లకు 'స్కి' చేర్చగా ఏర్పడినవి. తెలుగువారి ఇంటిపేర్లలోను ఊరిపేర్లు అనేకము. 1931 మొదలు 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నున్న రాధాకృష్ణపండితుని ఇంటిపేరు సర్వేపల్లి. అది నెల్లూరు సీమలోని గ్రామము. అయితే ఒక భేదము కలదు. పాశ్చాత్యుల ఇంటిపేరు చివర నుండును. మనది మొదట నుండును. ఆంగ్లమున వ్రాయునపుడు అది తరచు ఒక్క అక్షరమై పోవును. సర్వేపల్లి 'ఎస్' అయినది.

ఇందువలన పొరపాట్లు పుట్టును. 1992 ఆగస్టు 1వ తేదీన విశాఖ ఉక్కు కర్మాగారమును జాతికి అంకితము చేసిన ప్రధానమంత్రి పాములపర్తి వేంకట నరసింహారావు. ఆంగ్లపత్రికలు ఆయనను 'మిస్టర్ రావు' అని పేర్కొనెను. రావు ఇంటిపేరు కాదు. పేరు చివర చేరు గౌరవపదము. నేడును తండ్రి పత్రములలో 'రావు', కుమారుని పత్రములలో 'కుమార్' ఇంటిపేరుగా నమోదైనచో, పరదేశపు అధికారికి వారు ఒకే కుటుంబమువారని తోచదు. ఓడ యెక్కవలసిన యువకుడు తాను తన తండ్రికి కుమారుడనని ఋజువు చేసికొనవలసి వచ్చును.

పొడి అక్షరమైనను ఇంటిపేరును నిలుపగలదు. విశాఖపట్టణమున జన్మించిన మహాకవి శ్రీరంగం శ్రీనివాసరావు 'శ్రీశ్రీ' అయ్యెను. అందలి మొదటి శ్రీ ఇంటిపేరిదే. కాని ఆ అక్షరము వెనుక నున్న మాటను ఎరిగినవారు ఉన్నంతకాలమే అది పేరు. ఎరిగినవారు లేనినాడు ఉత్త అక్షరము.

కావున విద్యార్థులు పత్రములలో తమ పేరును అంతట ఒకే తీరున, పూర్తిగా వ్రాయుట మేలు. తమ ఇంటిపేరు ఏ ఊరిదో, ఏ వృత్తిదో పెద్దలు చెప్పగలిగినపుడే అడిగి తెలిసికొనవలెను.