పాత ప్రోగ్రామునకు క్రొత్త అతుకు

ఇంటర్నెట్టులో సమాచారమును రహస్యముగా పంపుకొనుటకు ఉపయోగపడు ప్రోగ్రాములలో ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. ముఖ్యమైనది. దానిలో ఒక పెద్ద దోషమున్నట్లు 2014 ఏప్రిల్ 7వ తేదీన వెల్లడియైనది. హార్ట్‌బ్లీడ్ అని దానికి పేరు. అవతలి యంత్రము పలుకుచున్నదో లేదో తెలిసికొనుటకు ఇవతలి యంత్రము ఒక చిన్న మాటను పంపి, “దీని పొడవు ఇంత, దీనినే తిరిగి పంపుము” అని కోరుట కలదు. పంపినది ఒక్క అక్షరమే అయినను పొడవు 60,000 అని అబద్ధమాడినచో, ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. సరిచూడక, తన మెమరీలో ఆ ప్రక్కనున్న దానిని 64 కిలోబైట్ల వరకు తీసి ఇచ్చివేసెడిది. అందులో ఇతరుల పాస్‌వర్డులు ఉండవచ్చును. రహస్యపు తాళపుచెవులును ఉండవచ్చును.

ఆ దినముననే మూలకర్తలు, అనగా ఆ ప్రోగ్రామును వ్రాయువారు, దోషము తీర్చి 1.0.1జి అను క్రొత్త ప్రతిని విడుదల చేసిరి. అయితే లినక్సు వాడువారు ప్రోగ్రాములను సాధారణముగా మూలకర్తల వద్దనుండి నేరుగా తెచ్చుకొనరు. డెబియన్, ఉబుంటు వంటి పంపిణీదారులు వేలకొలది ప్రోగ్రాములను ప్యాకేజీలుగా కట్టి ఇత్తురు. డెబియన్ 7లో ఉన్నది 1.0.1ఇ. డెబియన్ వారును వెంటనే సవరించిరి గాని, వారిచ్చిన దాని పేరు 1.0.1జి కాదు, 1.0.1ఇ-2+డెబ్7యు5. ఇందులో ‘ఇ’ వరకు మూలకర్తలది. మిగిలినది డెబియన్ వారిది: రెండవ కట్టు, డెబియన్ 7 కొరకు ఐదవ సవరణ. ‘ఇ’ అను అక్షరము మాత్రమే చూచినవారు తమ యంత్రమింకను ప్రమాదములో ఉన్నదని భయపడుట సహజమే.

క్రొత్త ప్రతినే ఇచ్చివేయరాదా? డెబియన్ ‘స్టేబుల్’ ప్రతిని నమ్ముకొన్నవారికి కావలసినది మార్పు లేకుండుట. క్రొత్త ప్రతిలో కోరిన సవరణతోపాటు కోరని మార్పులును వచ్చును. పాత నడవడిని నమ్ముకొని వ్రాసిన మరియొక ప్రోగ్రాము ఆగిపోవచ్చును. అందుచేత క్రొత్త ప్రతినుండి అవసరమైన పంక్తులను మాత్రమే తెచ్చి పాతదానికి అతుకుదురు. దీనినే బ్యాక్‌పోర్టు అందురు. హార్ట్‌బ్లీడ్ సవరణలోని సారము కొద్ది పంక్తులే: చెప్పిన పొడవు నిజముగా వచ్చిన దానికంటె ఎక్కువైనచో ఆ కోరికను పారవేయుట.

ఈ పని జీతగాండ్రదే కాదు. దోషముచే బాధపడిన ఎవరైనను అతుకు తయారుచేసి పంపవచ్చును. మూలకర్తలు ఆ దోషమును ఎక్కడ, ఏ మార్పుతో తీర్చిరో ముందుగా వెదకవలెను. పిమ్మట దానిని పాత కోడుపై పెట్టి చూడవలెను. రెండు మూడేండ్లలో చుట్టుప్రక్కల పంక్తులు మారియున్నచో అతుకు కూర్చుండదు, చేతితో సరిచేయవలసివచ్చును. ఇంతకంటె ప్రమాదకరమైనది, అతుకు చక్కగా కూర్చుండియు పని చేయకపోవుట. క్రొత్త కోడులో అంతకుముందే చేసిన వేరొక మార్పుపై ఈ సవరణ ఆధారపడియుండవచ్చును. పాతదానిలో ఆ మార్పు ఉండదు. కనుక అతుకు లేనప్పుడు దోషము కనబడుటను, అతికిన తరువాత కనబడకుండుటను రెండింటిని చూచితీరవలెను. మొదటిది చూడనివాని పరీక్షకు విలువ లేదని నా అభిప్రాయము.

అతుకు తలపై అది ఏమి చేయునో, ఎక్కడినుండి తెచ్చినదో, ఏ దోషపు సంఖ్యకు సంబంధించినదో వ్రాయుదురు. ప్యాకేజీ మార్పుల చిట్టాలోను ఒక పద్దు చేర్చుదురు. పాత ప్యాకేజీకి, క్రొత్తదానికి గల తేడాను మాత్రము తీసి విడుదల బృందమునకు చూపవలెను. వారు ఒక్కొక్క పంక్తిని చదువుదురు. పనిలో పనిగా ఇంకొక చోట కూడ కోడును చక్కబెట్టితిని అనువానిని వారు వెనుకకు పంపుదురు. పైగా, రాబోవు ప్రతిలో ఆ దోషము ముందే తీరియుండవలెను. లేనిచో వాడుకరి క్రొత్త ప్రతికి మారినంతనే పోయిన దోషము తిరిగి వచ్చును. ఉబుంటులో ఈ సవరణవలన ఎక్కడ చెడుపు కలుగవచ్చునో పంపువాడే వ్రాయవలెను. అతుకు సాధారణముగా కనీసము ఏడు దినములు పరీక్షా విభాగములో నిలువవలెను.

ఇంత పట్టుదల ఎందుకని అడుగువారికి ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. చరిత్రలోనే జవాబు కలదు. మెమరీని పరీక్షించు పరికరము చేయుచున్న హెచ్చరికలను మాన్పుటకై 2006లో డెబియన్ ప్యాకేజీలో కోడును కొంత తొలగించిరి. అది మూలకర్తల ప్రతిలోని మార్పు కాదు. దానివలన తాళపుచెవులు చేయుటకు వలసిన యాదృచ్ఛికత దాదాపుగా పోయి, ప్రోగ్రామునకు యంత్రమిచ్చు వరుస సంఖ్య మాత్రమే మిగిలినది. ఒక రకపు యంత్రముపై, ఒక కొలత గల తాళపుచెవులు సుమారు 32,000 మాత్రమే పుట్టగలవు. దొంగ వాటినన్నిటిని వరుసగా ప్రయత్నించవచ్చును. ఇది 2008 మే నెలలో బయటపడినది. ఆ మధ్యకాలమున అట్టి యంత్రములపై చేసిన తాళపుచెవులన్నిటిని పారవేయవలసివచ్చినది.

తన యంత్రములో అతుకు పడినదో లేదో తెలియగోరువాడు అంకెను చూచి ఊరకొనక, ప్యాకేజీ మార్పుల చిట్టాను తెరచి దోషపు సంఖ్యను వెదకవలెను. హార్ట్‌బ్లీడునకు అది సి.వి.ఇ.-2014-0160. ఆ పద్దు కనబడినను ఒక పని మిగిలియుండును. అదివరకే నడచుచున్న ప్రోగ్రాములు పాత కోడునే మెమరీలో పట్టుకొనియుండును. వాటిని ఆపి మరల నడిపించువరకు అతుకు అమలులోనికి రాదు.